పడిపోయే స్విచ్చుని తిట్టకండి
ఇంటి వైరింగ్: మీ ప్రశ్నలు, నా జవాబులు

వానలు మొదలయ్యాయంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల: "మెయిన్ బోర్డులో ఆ పెద్ద స్విచ్ పడిపోతోంది, ఏం చెయ్యాలి?" ఈసారి అలాంటివే ఏరి ఒకచోట పెట్టాను. కొందరు దాన్ని ఈఎల్‌సీబీ అన్నారు, కొందరు ఆర్‌సీసీబీ అన్నారు, ఒకాయన "షాక్ స్విచ్" అని రాశారు. ఎలా పిలిచినా ఫర్వాలేదు. దాని మీద 30 ఎంఏ అని రాసి, పక్కన ‘టి’ అక్షరంతో చిన్న బటన్ ఉంటే మనం మాట్లాడుకునేది దాని గురించే.

జవాబులు చదివే ముందు అది చేసే పని తెలియాలి. పొద్దున మేకల్ని లెక్కపెట్టి మేతకి తోలి, సాయంత్రం దొడ్డి దగ్గర మళ్ళీ లెక్కపెట్టే కాపరి లాంటిది అది. ఫేజు వైరులో ఎంత కరెంటు వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి రావాలి. 30 మిల్లీఆంపియర్లు తక్కువ వచ్చిందంటే ఆ కరెంటు ఎక్కడో గోడలోకో, నీళ్ళలోకో, మనిషి ఒంట్లోకో పోతున్నట్టు. వెంటనే పడిపోతుంది. ఎక్కువ లోడు వేస్తే పడిపోయేది ఇది కాదు, పక్కన వరసగా ఉండే సన్నటి ఎంసీబీలు. మీ ఉత్తరంలో "ఏది పడిపోయింది" అన్నది రాయకపోతే నేను సగం ఊహించి జవాబు చెప్పాల్సి వస్తోంది. దయచేసి రాయండి.

*

ప్రశ్న: ఇల్లు కట్టి ఆరేళ్ళయింది. వాన పడిన తర్వాత రెండు మూడు రోజులు ఆర్‌సీసీబీ పడిపోతూ ఉంటుంది. వింత ఏమిటంటే ఫ్యాన్లు, లైట్లు వేసుకుంటే నిలబడుతుంది. ఇస్త్రీ పెట్టె పెట్టినా, గీజరు వేసినా పడిపోతుంది. ఏ గదిలో పెట్టినా అంతే. అదే ఇస్త్రీ పెట్టె పక్కింట్లో బాగానే పనిచేసింది, వాళ్ళకీ ఆర్‌సీసీబీ ఉంది. మాది ఒకసారి మార్పించాం కూడా. వాన తగిలేది గేటు లైట్లకి ఒక్కటే, కానీ వాటి స్విచ్ ఆపేసే ఉంచుతున్నాం. మా ఎలక్ట్రీషియన్ "తీసేసి డైరెక్ట్ చేసేస్తానండీ, టెన్షన్ ఉండదు" అంటున్నాడు. చెయ్యమనమంటారా?
— ఒక గృహిణి, రామచంద్రపురం

జవాబు: వద్దమ్మా. ఆ పని మాత్రం చెయ్యనివ్వకండి. మీరు ఉత్తరంలో రాసిన వివరాలే సగం దారి చూపిస్తున్నాయి. అన్ని ఉత్తరాలూ ఇలా వస్తే నా పని సులువు.

చిన్న లోడుకి నిలబడి పెద్ద లోడుకి పడిపోవడం, అదీ ఏ గదిలో వేసినా పడిపోవడం అంటే నా అనుమానం న్యూట్రల్ మీద. ఎక్కడో ఒక న్యూట్రల్ వైరు ఎర్త్‌కో, తడి గోడకో తగులుతోంది. లెక్క చూడండి. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె వేస్తే న్యూట్రల్‌లో నాలుగు ఆంపియర్ల పైన తిరిగి వస్తుంది. అందులో నూటికి ఒక వంతు ఆ తడి దారిలో భూమిలోకి జారుకున్నా 40 మిల్లీఆంపియర్లు పోయినట్టే. స్విచ్ పడిపోవాల్సిందే. అదే 9 వాట్ల బల్బు వేస్తే నూటికి ఒక వంతు అర మిల్లీఆంపియర్ కూడా ఉండదు, కాబట్టి నిలబడుతుంది. ఇస్త్రీ పెట్టెలో తప్పేమీ లేదు. ఎక్కడో ఉన్న తప్పు దాన్ని పెట్టినప్పుడు బయటపడుతోంది, అంతే.

ఇప్పుడు మీ గేటు లైట్లు. స్విచ్ ఆపేశాం కాబట్టి అది కాదు అనుకుంటున్నారు. మన ఇళ్ళలో గోడ మీద స్విచ్ తెంపేది ఫేజుని ఒక్కదాన్నే. న్యూట్రల్ మీ స్విచ్‌తో సంబంధం లేకుండా గేటు స్తంభం దాకా వెళ్ళి, అక్కడ లైటు డబ్బాలో నీళ్ళలో నానుతూ కూర్చుంటుంది. డీబీలో, అంటే మెయిన్ బోర్డులో, ఎంసీబీ దించినా అంతే, అది కూడా ఒంటి పోల్‌ది, ఫేజే పోతుంది. అందుకే "ఎంసీబీలన్నీ ఒక్కొక్కటే దించి చూశానండీ, ఏదీ దొరకలేదు" అని ఎలక్ట్రీషియన్లు చేతులెత్తేస్తుంటారు. దొరకదు. ఫేజులో లీకయితే ఆ పద్ధతిలో దొరుకుతుంది కానీ న్యూట్రల్‌లో లీకయితే ఎంసీబీ ఎన్నిసార్లు దించినా లాభం లేదు.

ముందు మీరు చెయ్యగలిగింది చెబుతాను. ఇంట్లో ప్లగ్గులన్నీ ఊడదీయండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు బయటికి లాగాలి, కారణం పైన చెప్పిందే. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, నీళ్ళ ఫిల్టరు, గ్రైండరు, టీవీ వెనక మర్చిపోయిన సెట్‌టాప్ బాక్సు, అన్నీ. తర్వాత ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ రండి, ప్రతిదాని దగ్గర ఒక నిమిషం ఆగండి. ఫలానాది ఎత్తగానే పడిపోయిందంటే దాని ఫేజులో లీకు. అన్నీ ఎత్తినా నిలబడి, ఇస్త్రీ పెట్టె ఒక్కటి తగిలించగానే పడిపోతే, దాన్ని ఇంకో గదిలో తగిలించినా పడిపోతే, న్యూట్రల్ అని ఖాయం చేసుకోండి. ఈ సంగతులు ఒక కాగితం మీద రాసి ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టండి. మీ పని అక్కడితో అయిపోయింది. డీబీ మూత మాత్రం మీరు విప్పకండి. ఆర్‌సీసీబీ దించేసినా దాని లోపలికి వచ్చే వైపు వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది, చాలామందికి ఇది తెలియదు.

ఇక ఎలక్ట్రీషియన్ చెయ్యాల్సింది. మీటరు దగ్గర మెయిన్ కట్టేసి, డీబీలో న్యూట్రల్ లింకు, అంటే నల్ల వైర్లన్నీ బిగించి ఉండే ఇత్తడి పట్టీ, దాని నుంచి ఒక్కో న్యూట్రల్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ ఎర్త్ లింకుకీ మధ్య మెగ్గరు, అంటే వైరు తొడుగు (ఇన్సులేషన్) బాగుందో లేదో ఎక్కువ వోల్టేజీ పెట్టి కొలిచే మీటరు, పెట్టి చూడాలి. 500 వోల్టుల మీద ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ సర్క్యూట్‌లో తేడా ఉన్నట్టు. బాగున్న వైరింగ్ దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. మామూలు మల్టీమీటరు సరిపోదా అని అడగొచ్చు. వైరు నేరుగా ఎర్త్‌కి అంటుకుంటే సరిపోతుంది. మీది తడి వల్ల వచ్చే లీకు. మల్టీమీటరులోని చిన్న బ్యాటరీ ఇచ్చే వోల్టేజీకి తడి సరిగ్గా బయటపడదు, అంతా బాగున్నట్టే చూపిస్తుంది. మెగ్గరు పెట్టే ముందు ప్లగ్గులు, ఎల్‌ఈడీ లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు విప్పి పెట్టించండి. ఆ 500 వోల్టులకి ఎలక్ట్రానిక్ సామాను తట్టుకోదు.

సర్క్యూట్ దొరికాక దాన్ని సగానికి కొట్టాలి. మధ్యలో ఉన్న జంక్షన్ బాక్సు విప్పి, ముందు సగం వేరు, వెనక సగం వేరు చేసి మళ్ళీ మెగ్గరు. చెడ్డ సగాన్ని మళ్ళీ సగం. ఇలా పోతే ఎంత పెద్ద ఇల్లయినా ఒక పూటలో తేలుతుంది. గోడలు పగలగొట్టి వెతికేవాణ్ణి పనిలో పెట్టుకోకండి. మీ ఇంట్లో నేనైతే గేటు స్తంభం లైట్లు, తర్వాత కాలింగ్ బెల్ స్విచ్, తర్వాత డాబా మీద లైటు, ఆ వరసలో చూస్తాను. డాబా లైటుకి వెళ్ళే పైపు స్లాబులోంచి పైకి వచ్చే చోట చాలామంది మూతి ముయ్యరు. వాన నీళ్ళు అందులో దిగి ఫ్యాన్ బాక్సులో చేరతాయి. అక్కడ ఎవరో పైపు లోపలే జాయింటు వేసి టేపు చుట్టి వదిలేసి ఉంటారు. పైపు లోపల జాయింటు ఉండకూడదు. ఉంటే బాక్సులోనే ఉండాలి. మన ఊళ్ళలో ఈ మాట చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

కాకినాడలో ఒక కొత్త ఇంట్లో ఇదే గొడవ, కానీ వానతో పని లేకుండా. గృహప్రవేశం అయిన వారానికి మొదలైంది. ఎవరొచ్చినా ఆర్‌సీసీబీ మార్చి వెళ్ళారు. న్యూట్రళ్ళు ఒక్కొక్కటే విడదీస్తే హాలు సర్క్యూట్ దొరికింది. సగం సగం చేసుకుంటూ వెళితే స్విచ్ బోర్డుకి సరిగ్గా పైన, పెళ్ళి ఫోటో వేలాడుతున్న చోట తేలింది. మేకు పైపులోకి దిగి న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపి కుట్టేసింది. ఫేజుకి గీత కూడా పడలేదు. స్విచ్ బోర్డుకి నిలువుగా పైనా కిందా మేకు కొట్టకండి, వైర్ల పైపు అదే గీతలో పోతుంది. ఆ ఇంటాయన ఫోటో మాత్రం అక్కడి నుంచి మార్చనన్నారు, ఇప్పుడది జిగురు హుక్కు మీద ఉంది.

పని పూర్తయ్యాక రెండు పనులు చేయించుకోండి. గేటు లైట్లకి, డాబా లైటుకి రెండు పోల్‌ల ఎంసీబీ వేయించండి, దించితే న్యూట్రల్ కూడా తెగుతుంది. న్యూట్రల్ వైర్లకి ఏది ఏ సర్క్యూట్‌దో నంబర్ల చీటీలు తగిలించమనండి. ఫేజులకి పేర్లు రాస్తారు, నల్ల వైర్లని మాత్రం కట్టకట్టి బిగించేస్తారు. రేపు ఇంకో వానకి ఇంకో చోట తేలితే వెతికేవాడికి ఆ చీటీలే దిక్కు.

*

ప్రశ్న: కింద మేము, పైన అద్దెవాళ్ళు. ఈ మధ్యే రెండు పోర్షన్లకీ విడివిడి మీటర్లు, విడివిడి ఆర్‌సీసీబీలు పెట్టించాం. అప్పటి నుంచి మెట్ల లైటు వేస్తే ఒక్కోసారి మాది, ఒక్కోసారి వాళ్ళది, ఒక్కోసారి రెండూ పడిపోతున్నాయి. 9 వాట్ల బల్బు అంత పని చేస్తుందా? పైవాళ్ళతో మాటలు పెరుగుతున్నాయి.
— తాడేపల్లిగూడెం నుంచి ఒక ఇంటి యజమాని

జవాబు: చేస్తుంది. ఇది లీకు కాదు, వైరింగ్‌లో అప్పు. మెట్ల లైటుకి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉంటాయి. ఎప్పుడో వైరింగ్ చేసినప్పుడు ఇల్లంతా ఒకే మీటరు కాబట్టి ఫేజు కింద నుంచి, న్యూట్రల్ దగ్గరలో దొరికిందని పై పోర్షన్ నుంచి తీసుకున్నారు. ఇప్పుడు మీ ఆర్‌సీసీబీ లోంచి వెళ్ళిన కరెంటు వాళ్ళ ఆర్‌సీసీబీ లోంచి తిరిగి వస్తోంది. మీ దానికి తక్కువ వచ్చినట్టు, వాళ్ళ దానికి ఎక్కువ వచ్చినట్టు లెక్క. 9 వాట్ల బల్బు 40 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, 30 దాటితే చాలు. ముందు ఏది పడిపోతుందన్నది ఆ రెంటిలో ఏది కాస్త ముందు స్పందిస్తే అది.

లైటుకి ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే పోర్షన్ నుంచి ఇప్పించండి. పై స్విచ్‌కి రెండు స్విచ్చుల మధ్య తిరిగే వైర్లు మాత్రమే వెళ్ళాలి. చిన్న పనే కానీ వాయిదా వెయ్యకండి. ఎవరైనా పైన మెయిన్ కట్టేసి, కరెంటు లేదనుకుని ఆ న్యూట్రల్ వైరు విప్పితే, కింద నుంచి బల్బు మీదుగా వచ్చిన ఫేజు చేతికి తగులుతుంది. పైవాళ్ళది తప్పు లేదని వాళ్ళకి చెప్పండి.

*

ప్రశ్న: మా గీజరు వేసిన పది నిమిషాలకి ఆర్‌సీసీబీ పడిపోయేది. మొదట నీళ్ళు కాగేవి, తర్వాతే పడిపోయేది. మెకానిక్ వచ్చి ప్లగ్గులో ఎర్త్ వైరు కత్తిరించాడు. ఇప్పుడు పడిపోవడం లేదు. ఖర్చు కూడా కాలేదు. కానీ మా అబ్బాయి "అది రిపేరు కాదు" అని వాదిస్తున్నాడు. ఎవరు రైటు?
— హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి. ఈ ఉత్తరం చదువుతుండగానే గీజరు ఆపించి రండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

లీకు పోలేదు. లీకయిన కరెంటు భూమిలోకి పోయే దారి ఒకటి ఉండేది, ఆర్‌సీసీబీ దాన్ని చూసి పడిపోయేది. మెకానిక్ ఆ దారి మూసేశాడు. ఇప్పుడు గీజరు ట్యాంకు, దాంట్లోని నీళ్ళు, కుళాయి దాకా ఫేజు ఎక్కి ఆగి ఉంది, ఎవరైనా తడి నేల మీద నిలబడి కుళాయి పట్టుకుంటారా అని. ఆ క్షణంలో ఆర్‌సీసీబీ పడిపోవచ్చు, మనిషి బతకొచ్చు. కానీ ముందు షాక్ కొట్టాకే. పాత రోజుల్లో ఇనుప పైపులైనా ఉండేవి, కాస్త ఎర్త్ దొరికేది. ఇప్పుడు పైపులన్నీ ప్లాస్టిక్‌వే. మిగిలిన దారి మనిషే.

మీరు చెప్పిన లక్షణం హీటింగ్ ఎలిమెంటుది. రాగి గొట్టం లోపల తీగ, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. బోరు నీళ్ళ ఉప్పు పేరుకుని గొట్టానికి సన్న చిల్లు పడితే నీరు లోపలికి దిగుతుంది. చల్లగా ఉన్నప్పుడు లీకు తక్కువ, వేడెక్కే కొద్దీ పెరుగుతుంది, అందుకే పది నిమిషాల తర్వాత. గీజరు విప్పించి ఎలిమెంటు పిన్నుకీ ట్యాంకుకీ మధ్య మెగ్గరు పెట్టించండి. వేడి మీదా చల్లగానూ రెండుసార్లు చూడమనండి, చల్లగా ఉన్నప్పుడు పాసయి వేడి మీద ఫెయిలయ్యేవి ఎన్నో. ఎలిమెంటు, దాని వాషరు మార్పించి, ఎర్త్ వైరు మళ్ళీ బిగించాకే వాడండి. మీ వైపు నీళ్ళ ఉప్పుకి ఎలిమెంటుని ఏడాదికోసారి విప్పి గీకించడం మంచిది.

ఒక్క సందర్భంలో మాత్రం ఎలిమెంటు మంచిదైనా మొదటిరోజు పడిపోతుంది. వేసవంతా వాడకుండా ఉంచి కార్తీకంలో మొదటిసారి వేసినప్పుడు లోపలి పొడి గాలిలోని చెమ్మ పీల్చుకుని ఉండొచ్చు. అప్పుడు కూడా విప్పించి ఆరబెట్టించాలి. "రెండుసార్లు ఎత్తితే అదే ఆరిపోతుంది" అనే సలహా పాటించకండి.

*

ప్రశ్న: మియాపూర్‌లో అపార్ట్‌మెంటు. ఇంట్లో ముగ్గురం కంప్యూటర్ల మీద పని చేస్తాం. రెండు ఇన్వర్టర్ ఏసీలు, పెద్ద ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషీన్. వానా లేదు, ఏమీ లేదు, రాత్రి రెండింటికో మూడింటికో ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఊరికి వెళ్ళి వస్తే ఫ్రిజ్‌లోవన్నీ పాడైపోయి ఉన్నాయి. 30 బదులు 100 ఎంఏది పెడితే సరిపోతుందని ఒక షాపులో చెప్పారు.
— పేరు వద్దన్నారు

జవాబు: షాపతను చెప్పింది పని చేస్తుంది, అంటే పడిపోవడం ఆగుతుంది. కానీ 100, 300 ఎంఏలవి మంటలు పుట్టకుండా చూసేవి. మనిషి ప్రాణానికి 30. దాని బదులు ఇవి పెట్టుకోకూడదు.

మీ ఉత్తరంలో నాకు ఇద్దరు దొంగలు కనిపిస్తున్నారు. ఒకటి ఫ్రిజ్. మంచు పట్టని రకం ఫ్రిజ్‌లో లోపల మంచు కరిగించడానికి చిన్న హీటరు ఉంటుంది, కొన్ని గంటలకోసారి తనంతట తనే వెలుగుతుంది. దాని ఇన్సులేషన్ చెడితే ఆ సమయంలోనే పడిపోతుంది, మీకేమో అర్ధరాత్రి ఏదో దయ్యం చేసినట్టు ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద చిన్న కాగితం అతికించి పడిపోయిన టైము రాస్తూ పోండి. వరసలో ఒక పద్ధతి కనిపిస్తే మెకానిక్‌ని పిలిచి ‘డీఫ్రాస్ట్ హీటర్‌కి మెగ్గరు పెట్టు’ అని సూటిగా చెప్పండి. కంప్రెసర్ చూసి బాగుందని వెళ్ళిపోతే ఒప్పుకోకండి.

రెండోది దొంగ కాదు, చిల్లర పోగు. కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీలు, ఇండక్షన్ స్టవ్‌ల లోపల కరెంటులోని చప్పుడుని వడగట్టే ఫిల్టర్లు ఉంటాయి. అవి బాగున్నా కొద్దిపాటి కరెంటుని ఎర్త్‌లోకి వదులుతాయి. ఒక్కో దానికి ఒకటో రెండో మిల్లీఆంపియర్లు. 30 ఎంఏ అని రాసి ఉన్నంత మాత్రాన 30 దాకా ఆగుతుందనుకోకండి. 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడిపోవచ్చు, అది దాని నియమమే. మీ ఇంట్లో పోగు పది దాటి ఉంటే, మీద ఏ చిన్న లీకు పడ్డా, ఎక్కడో మెరుపు మెరిసి లైన్లో కాస్త ఊపు వచ్చినా చాలు.

లీకేజీ కొలిచే క్లాంప్ మీటరున్న ఎలక్ట్రీషియన్ని పిలవండి. మామూలు క్లాంప్ మీటరుకి మిల్లీఆంపియర్లు సరిగ్గా అందవు. ఫేజు, న్యూట్రల్ రెండు వైర్లనీ కలిపి క్లాంపులో పెడితే ఎంత పోతోందో నేరుగా కనిపిస్తుంది. ఒక్కో ప్లగ్గు తీస్తూ అంకె ఎంత తగ్గుతుందో చూడమనండి. నాకు ఈ మీటరంటే ఇష్టం, పదిమంది వాదనని ఒక్క అంకె ఆపేస్తుంది.

తర్వాత ఒకే ఆర్‌సీసీబీ మీద ఇల్లంతా వేలాడకుండా మూడుగా విడగొట్టండి: వంటగది, బాత్రూములు ఒకటి, ఏసీలు, కంప్యూటర్లు ఒకటి, లైట్లు, ఫ్రిజ్ ఒకటి. మూడూ 30 ఎంఏవే. ఏ దాని న్యూట్రల్ దానికి వేరే పట్టీలో ఉండాలి, పైన తాడేపల్లిగూడెం వారి కథ మళ్ళీ రాకుండా. కొత్తవి ఎలాగూ కొంటున్నారు కాబట్టి ‘ఏ’ టైపువి అడగండి. పాత ‘ఏసీ’ టైపువి మామూలు లీకుని పట్టుకుంటాయి కానీ ఎలక్ట్రానిక్ సామాను వదిలే తేడా రకం లీకుని వదిలెయ్యొచ్చు.

*

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పాత పెంకుటిల్లు. వైరింగ్ పాతది, ప్లగ్గుల్లో మూడో కన్నానికి వైరే లేదు. ఆర్‌సీసీబీ పెడితే ఉపయోగమా? ఒకతను మూడో కన్నాన్ని న్యూట్రల్‌కి కలిపేస్తే ఎర్త్ వచ్చేస్తుందన్నాడు.

జవాబు: ఆర్‌సీసీబీ పెట్టండి. ఎర్త్ లేకపోయినా పనిచేస్తుంది, కానీ లీకు ఉన్న గ్రైండరు ఊరికే ఉన్నప్పుడు పడిపోదు, మీరు దాన్ని ముట్టుకున్నాకే పడిపోతుంది. ఎర్త్ ఉంటే మీరు ముట్టుకోకముందే.

న్యూట్రల్‌కి కలపమన్నతన్ని గుమ్మంలోంచే పంపెయ్యండి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున, గాలివానకి తెగుతూనే ఉంటుంది, ఇంట్లో ఉన్న ఇనుప సామానంతా ఒకేసారి ఫేజు ఎక్కుతుంది. పైగా ఆర్‌సీసీబీ తర్వాత అలా కలిపితే, సామానులో లీకయిన కరెంటు న్యూట్రల్‌లోంచే తిరిగి వచ్చేస్తుంది, లెక్క సరిపోయి ఆర్‌సీసీబీకి ఆ లీకు కనపడదు.

మీ కోనసీమ నేలలో ఎర్త్ గొయ్యి సులువు. రెండున్నర మీటర్ల గాల్వనైజ్డ్ పైపు నిలువుగా దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, పైన గరాటు పెట్టించండి. ఎండాకాలంలో అప్పుడప్పుడు అందులో బిందెడు నీళ్ళు పోస్తే చాలు. అక్కడి నుంచి పచ్చ వైరు ప్రతి మూడు పిన్నుల ప్లగ్గుకీ వెళ్ళాలి. ఒకేసారి ఖర్చు పెట్టలేకపోతే ముందు గ్రైండరు, ఫ్రిజ్, మోటారు ఉన్న చోట్లకి లాగించండి. వైర్ల మీద పాత రబ్బరు తొడుగు చేతితో నలిపితే పొడి రాలుతుంటే మాత్రం వైరింగ్ మొత్తం మార్చే దాకా ఆర్‌సీసీబీ మీకు కుదురుగా నిలబడదు.

*

ప్రశ్న: ఐటీఐ చదువుతున్నాను. ఆర్‌సీసీబీ మీద ‘టి’ బటన్ నొక్కితే పడిపోతే ఇంట్లో వైరింగ్ అంతా బాగున్నట్టేనా? ఎన్నాళ్ళకోసారి నొక్కాలి?
— గుంటూరు

జవాబు: కాదు బాబూ. ఆ బటన్ లోపల ఉన్న చిన్న రెసిస్టరు ద్వారా కొద్దిగా కరెంటుని పక్కదారి పట్టిస్తుంది. ఆర్‌సీసీబీ లోపలి యంత్రం బతికే ఉందని చెబుతుంది, అంతవరకే. ఎర్త్ గొయ్యి ఉందా, ప్లగ్గుకి పచ్చ వైరు వచ్చిందా అన్నది దానికి తెలియదు. ఎర్త్ అసలే లేని ఇంట్లో కూడా బటన్ నొక్కితే చక్కగా పడిపోతుంది.

ఇంకొకటి నీ పనికి తప్పనిసరిగా గుర్తుండాలి. రెండు చేతులతో ఒకదానితో ఫేజు, ఇంకోదానితో న్యూట్రల్ పట్టుకుని చెక్క బల్ల మీద నిలబడితే ఆర్‌సీసీబీ పడిపోదు. వెళ్ళిన కరెంటంతా నీ ఒంట్లోంచి లెక్క తప్పకుండా తిరిగి వస్తోంది కదా. "ఆర్‌సీసీబీ ఉంది కదా" అని లైన్ మీద పని చెయ్యకు.

నెలకోసారి నొక్కు. కంప్యూటర్లు ఆపించి, ఇంట్లోవాళ్ళకి చెప్పి నొక్కు. ఏళ్ళ తరబడి కదలని వాటిలో లోపలి భాగాలు బిగుసుకుపోతాయి, నెలకోసారి కదిలిస్తే ఆ బాధ తగ్గుతుంది. నొక్కినప్పుడు కరెంటు ఉండి కూడా పడిపోకపోతే, ఆ రోజే మార్పించు.